కూలిన వేప... ఓమనగుంటల పీట

పొయ్యిపాలు కావలసిన మొద్దును పనికొచ్చే పలకగా మార్చుకోవడం ఎలా? ఫిలింనగర్ సెట్లలో పనిచేసే ఒక సన్నకారు రైతు అనుభవం

గాలిదుమారానికి పొలం గట్టున వేపచెట్టు కూలిపోతే మన రైతులు ముందుగా చేసే పని కట్టెల వ్యాపారికి కబురు పెట్టడం. అతను వచ్చి చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. తోచిన ధర చెబుతాడు. విత్తనాలకు, ఎరువులకు చేతిలో పైసలు ఆడని రోజులు కాబట్టి మనమూ సరేనంటాం. ముప్పై నలభై ఏళ్లు పెరిగిన మాను వారం తిరక్కుండా ఏ ఇటుక బట్టీలోనో బూడిదవుతుంది.

మా ఊరి మేస్త్రీ ఒకాయన కూడా పోయిన ఏడాది వైశాఖంలో ఇదే పని చేయబోయాడు. నల్లగొండ జిల్లాలో ఆయనకు రెండెకరాల మెట్ట ఉంది. వడ్రంగం తాతల నాటి వృత్తి. పంట పనులు లేని నెలల్లో హైదరాబాదు వెళ్లి ఫిలింనగర్‌లో సినిమా సెట్లకు చెక్కపని చేస్తాడు. వ్యాపారి చెట్టు మొత్తానికి మూడు వేలు ఇస్తానన్నాడు. పత్తి గింజలు కొనాల్సిన సమయం అది. అయినా ఆయన కొమ్మలు మాత్రమే అమ్మి, మొద్దును ఆపుకున్నాడు. ఎందుకు ఆపుకున్నాడు, దానితో ఏం చేశాడు, మధ్యలో ఎక్కడ దెబ్బతిన్నాడు అన్నది రైతు సోదరులు తెలుసుకోదగిన సంగతి.

తెర మీది పల్లె

ఆయన్ను వెతుక్కుంటూ ఫిలింనగర్ వెళ్లాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి లోపలికి మళ్లితే ఎత్తుపల్లాల రోడ్లు, పెద్ద పెద్ద మేడలు. ఒకప్పుడు ఇదంతా రాళ్లగుట్టలే. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిరావడంలో 1976లో అక్కినేని నాగేశ్వరరావు ప్రారంభించిన అన్నపూర్ణ స్టూడియో ఒక పెద్ద మలుపు. ఆ తర్వాత ఈ గుట్టల్లో స్టూడియోలు, సినిమావాళ్ల ఇళ్లు, ఆఫీసులు వెలిశాయి. తెర మీద కనిపించేవాళ్లు మేడల్లో ఉంటే, తెర వెనక పనిచేసేవాళ్లలో చాలామంది కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో అద్దె గదుల్లో ఉంటారు. వారిలో మన జిల్లాల నుంచి వెళ్లిన సన్నకారు రైతులు, కూలీలు ఎందరో.

మేస్త్రీ ఒక రేకుల షెడ్డులో పల్లెటూరి ఇంటి సెట్టుకు తలుపులు చేస్తున్నాడు. అక్కడ ఉన్న సామాను చూస్తే మన ఊరి కళ్లం గుర్తుకొచ్చింది. సరుగుడు వాసాలు, వెదుళ్లు, తాటాకు, వరిగడ్డి, గోనెపట్టా... తెర మీది పల్లె నిలబడేది కూడా రైతు పండించిన సరుకు మీదే. పైన ప్లైవుడ్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగు. షూటింగ్ అయ్యాక అంతా విప్పేస్తారు. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో మనం చూసి మురిసిన ద్వారక కూడా కళాదర్శకులు గోఖలే, కళాధర్ చేయించిన సెట్టే.

‘‘పేపర్ల రాస్తవా తమ్మీ? రాయి. గని నా పేరు రాయకు. మేస్త్రీ అని రాయి, సాలు’’ అన్నాడాయన.

మొదటి పీట – ప్లాస్టర్‌ది

రెండేళ్ల కిందట ఒక సినిమాలో పల్లె ఇంటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు ఓమనగుంటలు ఆడే సన్నివేశం పెట్టారు. వామనగుంటలనే మన వైపు ఓమనగుంటలు అంటాం. పీట కావాలని అడిగితే పట్నంలో వెంటనే దొరకలేదు. ఒక్క రోజు గడువు. మేస్త్రీ ప్లైవుడ్‌కు గుండ్రటి రంధ్రాలు కోసి, ప్లాస్టర్‌తో పోసిన గిన్నెలు అందులో అమర్చి, పైన కర్ర రంగు వేయించాడు. కెమెరాకు అది చాలు.

2008లో ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకత్వంలో ‘అష్టా చమ్మా’ అని మన ఇంటి ఆట పేరుతోనే ఒక సినిమా వచ్చింది. ఆటల పేర్లు తెర దాకా వెళ్లాయి గాని, ఆట పీటలు మాత్రం ఇళ్లలో కనబడకుండా పోతున్నాయి.

షూటింగ్ ముగిశాక చెత్తలో పడేసిన ఆ పీటను మేస్త్రీ అడిగి తీసుకుని ఊళ్లో ఉన్న తల్లికి ఇచ్చాడు. ఆమెకు ఎనభై దాటాయి. చిన్ననాడు ఎండాకాలమంతా ఈ ఆటతోనే గడిపిన మనిషి. ముని మనుమరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చింతగింజలు పోసింది. రెండు వారాలకే గుంటల అంచులు రాలి వేళ్లకు తెల్ల పొడి అంటసాగింది. ‘‘ఇది సూసేటందుకు జేసిండ్రు కొడకా, ఆడేటందుకు కాదు’’ అని పక్కన పెట్టేసింది.

వేపచెట్టు కూలిన రోజున మేస్త్రీకి ఆ మాట గుర్తుకొచ్చింది. మొద్దును ఆపుకోవడానికి కారణం అదే.

రెండో పీట – పచ్చికర్రది

మొద్దు నుంచి ఒక ముక్క కోసి వెంటనే పని మొదలుపెట్టాడు. పచ్చికర్ర ఉలికి మెత్తగా లొంగుతుంది. రెండు రోజుల్లో పద్నాలుగు గుంటలూ తవ్వేశాడు. చూడముచ్చటగా వచ్చింది. పదో రోజున ఒక కొస నుంచి మూడో గుంట దాకా నిలువునా పగిలింది. పీట వంకర తిరిగి నేల మీద సరిగా కూర్చోవడమే మానేసింది.

‘‘ముప్పై ఏండ్ల సంది సెట్ల పనిజేసి కర్ర ఆరబెట్టుడే మర్శిన తమ్మీ. సెట్టు కర్ర షూటింగ్ అయ్యేదాంక నిలవడితే సాలు. ఇంటి కర్ర మనుమల దాంక నిలవాలె’’ అంటాడు మేస్త్రీ. మొద్దును కోయించి ఆరబెడతానని చెబితే తల్లి అడిగిన మాట ఒక్కటే: ‘‘నేనుండంగ ఆరుతదా అది?’’

కర్ర ఎందుకు పగులుతుంది?

అప్పుడే కోసిన చెట్టులో నీరు చాలా ఉంటుంది. ఆ నీరు పోయే కొద్దీ కర్ర ముడుచుకుంటుంది. అన్ని వైపులా ఒకేలా ముడుచుకుంటే చిక్కే లేదు. మానును అడ్డంగా కోస్తే ఉంగరాల లాంటి వలయాలు కనిపిస్తాయి. ఆ వలయాల వెంబడి ముడుచుకునే కొలత, నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు ముడుచుకునే కొలతకు దాదాపు రెట్టింపు ఉంటుంది. పొడవునా మాత్రం ముడుచుకునేది బహు తక్కువ. ఈ తేడా వల్లనే గుండ్రటి మొద్దును అలాగే వదిలేస్తే బెరడు నుంచి బొడ్డు దాకా నెర్రె విచ్చుతుంది. పైగా మొద్దు రెండు కొసల నుంచి నీరు తొందరగా పోతుంది. అందుకే పగులు ఎప్పుడూ కొసన మొదలవుతుంది.

ఈ సంగతి తెలిస్తే చేయాల్సిన పని కూడా తెలిసినట్టే.

ఆరబెట్టే పద్ధతి

మొద్దును కోసిన రోజునే రెండు కొసలకు పాత పెయింటు గాని, కరిగించిన మైనం గాని దట్టంగా పూయాలి. దీనివల్ల కొసలు తొందరగా ఎండిపోకుండా ఉంటాయి. వీలైనంత త్వరగా కోతమిల్లుకు తీసుకెళ్లి పలకలుగా కోయించాలి. మొద్దుగా నెలల తరబడి పడేస్తే పగుళ్లే కాదు, పురుగు, బూజు కూడా పడతాయి. నడిబొడ్డు ఉన్న పలకను ఆట పీటకు గాని, తలుపులకు గాని వాడకూడదు. అది ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా పగులుతుంది. దాన్ని వంటచెరుకుకే వదిలేయాలి.

పలకలను నేలకు ఒక అడుగు ఎత్తున, నీడపట్టున, గాలి ఆడే చోట పేర్చాలి. పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం పట్టీలు రెండడుగులకు ఒకటి చొప్పున అడ్డంగా పెట్టాలి. ఆ పట్టీలు కింది నుంచి పై దాకా ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే పలకలు వంగుతాయి. పైన బరువు రాళ్లు ఎత్తాలి. ఎండలో పెడితే తొందరగా ఆరుతుందనుకోవడం పొరపాటు. పైభాగం ఎండి లోపల పచ్చిగా ఉండి, పగుళ్లు ఇంకా ఎక్కువవుతాయి.

మేస్త్రీ జ్యేష్ఠంలో రెండుంబావు అంగుళాల మందంతో పలకలు కోయించి పశువుల కొట్టం చూరు కింద పేర్చాడు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. ఒక పలకకు గుర్తు పెట్టుకుని పదిహేను రోజులకు ఒకసారి అదే కాటా మీద తూచాలి. బరువు తగ్గుతున్నంత కాలం లోపల నీరు పోతున్నట్టే. వానలు వెళ్లిన తర్వాత కూడా వరుసగా రెండు మూడు సార్లు ఒకే బరువు తూగితే ఆరినట్టు లెక్క. ఆయన గుర్తు పెట్టిన పలక మొదట ఎనిమిది కిలోలు తూగింది. పుష్యమాసం నాటికి ఆరు కిలోల లోపుకు దిగి ఆగింది. అంటే రెండు కిలోలకు పైగా నీరే! ఆ నీరు పోవడానికి పట్టిన కాలం ఏడు నెలలు. పలక మందం, ఊరి గాలి, కర్ర జాతిని బట్టి ఈ కాలం మారుతుంది.

మూడో పీట – కొలతలు, తయారీ

ఈ కొలతలు గుర్తుంచుకోవడం చాలా తేలిక. పలకను చిత్రిక పట్టి 24 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు, ఒకటిముప్పావు అంగుళాల మందానికి తేవాలి. వెడల్పులో రెండు అంచుల నుంచి రెండేసి అంగుళాలు లోపలికి నిలువు గీతలు గీయాలి. ఒక్కో గీత మీద కొస నుంచి మూడు అంగుళాలకు ఒక చుక్క చొప్పున 3, 6, 9, 12, 15, 18, 21 అంగుళాల దగ్గర ఏడు చుక్కలు పెట్టాలి. రెండు గీతల మీద కలిపి పద్నాలుగు. ప్రతి చుక్క చుట్టూ రెండున్నర అంగుళాల అడ్డకొలతతో వృత్తం గీస్తే గుంటకూ గుంటకూ మధ్య అరంగుళం గట్టు మిగులుతుంది.

గుంట లోతు ఒక అంగుళం. అన్నీ సమానంగా రావాలంటే ముందుగా ప్రతి చుక్క దగ్గర బరమాతో ముప్పావు అంగుళం లోతు రంధ్రం వేయాలి. బరమా ముల్లుకు ముప్పావు అంగుళం దగ్గర రంగు దారం కడితే కొలత తప్పదు. తర్వాత వంపు మొన ఉన్న ఉలితో అంచు నుంచి నడిమికి తవ్వుకుంటూ రావాలి. నడిమి నుంచి అంచుకు తవ్వితే గట్టు ఎగిరిపోతుంది. వేపలో నారలు ఒకదానికొకటి అడ్డుపడి ఉంటాయి. ఉలి మొద్దుబారితే చెక్క పెచ్చులు లేస్తుంది. అందుకని నాలుగు గుంటలకు ఒకసారి ఉలికి పదును పెట్టుకోవాలి. రంధ్రం అడుగు తగిలాక తొందరపడకుండా పలుచగా గీస్తూ మిగిలిన పావు అంగుళం దించాలి. గుంట అడుగు మన ఇంటి గరిటె లాగా గుండ్రంగా ఉండాలి. మూలలు ఉంటే గింజలు వేళ్లకు అందవు.

చివరగా 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, 220 నంబర్లతో నునుపు చేయాలి. కాగితాన్ని పిల్లల రబ్బరు బంతికి చుట్టి రుద్దితే గుంటలు సమంగా వస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వేప పొట్టు ముక్కును, కళ్లను మండిస్తుంది.

మెరుగుకు రెండు పూతలు అవిసె నూనె చాలు. ఇక్కడ ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి గడ్డివాము దగ్గర పడేయకూడదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి, ఆరుబయట పరిచి ఆరనివ్వాలి.

పీట వెనక వైపు ఖాళీగా ఎందుకు ఉంచాలి? పులి–మేక గీతలు గీసి, వేడి చువ్వతో కాలిస్తే చెరగవు. 23 స్థానాలు, మూడు పులులు, పదిహేను మేకలు. ఒక్క పీటకు రెండు ఆటలు.

ఆట ఇలా

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఎవరి వైపు ఏడు గుంటలు వారివి. గుంటకు ఐదు చొప్పున 70 చింతగింజలు కావాలి. తన గుంటల్లో ఒకదాన్ని ఖాళీ చేసి, వరుసగా గుంటకు ఒకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. చేతిలో గింజలు అయిపోతే పక్క గుంటలోవి తీసుకుని మళ్లీ సాగాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాన్ని చేత్తో తుడిచి, ఆ తర్వాతి గుంటలోని గింజలు గెలుచుకుంటారు. అక్కడికి వంతు ముగుస్తుంది. వరుసగా రెండు గుంటలు ఖాళీ అయితే దక్కేది ఏమీ లేదు. ఊరు మారితే నియమాల్లో కొంచెం తేడా ఉంటుంది. పిల్లలకు కూడికలు, తీసివేతలు నోటిలెక్కగా వచ్చేస్తాయి.

గింజల విషయంలో జాగ్రత్త అవసరం. అందంగా ఉన్నాయని గురివింద గింజలు గాని, చేతికి దొరికాయని ఆముదం గింజలు గాని వాడొద్దు. రెండూ విషమే. పిల్లలు కొరికితే ప్రాణం మీదికి వస్తుంది. చింతగింజలో, గవ్వలో వాడుకోవాలి. మరీ చిన్న పిల్లలు మింగకుండా అవి కూడా అందనంత ఎత్తున పెట్టాలి.

ఏ కర్ర మంచిది?

వేపకు చేదు ఉంది కాబట్టి పురుగు బెడద తక్కువ. మామిడి కూడా పనికొస్తుంది గాని కోసిన వెంటనే పలకలు చేయించకపోతే పురుగు తొలుస్తుంది, బూజుమచ్చలు పడతాయి. పనస, దిరిసెన, టేకు ముక్కలు ఉంటే మరీ మంచిది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి తేలికైనది, మెత్తనిది. ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో చేసి లక్క పూస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొణికి కర్ర దొరకడం కష్టమవుతోందని కొండపల్లి కళాకారులు ఏళ్లుగా చెబుతున్నారు. గట్ల మీద అలాంటి చెట్లు నాలుగు పెంచడం మంచిదే గాని, కొనేవారు ఎవరో తెలుసుకోకుండా పంట భూమిలో పెట్టవద్దు.

ఇంకో మాట. చెట్టు మన పొలంలోదే అయినా కొట్టడానికి, తరలించడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అవసరం కావచ్చు. కూలిన చెట్టయినా సరే, రంపం పెట్టే ముందు దగ్గరలోని అటవీశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం క్షేమం.

రైతుకు ఏం మిగిలింది?

మేస్త్రీ లెక్క దాపరికం లేనిది. కొమ్మలు అమ్మగా పన్నెండు వందలు వచ్చాయి. మిగిలిన పత్తి గింజల డబ్బు చేబదులు తెచ్చుకున్నాడు. కోతమిల్లు కూలి చేతి నుంచి పెట్టుకున్నాడు. మొద్దు నుంచి వచ్చిన పలకలతో కొట్టం తలుపు, రెండు గుమ్మం చెక్కలు, పశువుల తొట్టికి కొత్త అంచు వేసుకున్నాడు. ఇవి కొనాల్సి వస్తే వ్యాపారి ఇస్తానన్న మూడు వేలకు రెట్టింపు పెట్టినా వచ్చేవి కావంటాడు. మిగిలిన ముక్కలతో మూడు పీటలు అయ్యాయి. ఒకటి ఫిలింనగర్‌లో సెట్లకు సామాను సమకూర్చే ఆయన కొన్నాడు. ఒకటి ఊరి బడిలో టీచరమ్మ కొన్నది.

‘‘లాభం ఏమన్నా వచ్చిందా అన్నా?’’ అని అడిగాను.

‘‘పీటల మీద నా కూలి గిట్టింది, గంతే. దీన్ని నమ్ముకొని ఎవుసం ఇడిశిపెట్టమని రాయకు తమ్మీ. పడ్డ చెట్టును పొయ్యిల పెట్టే ముంగట మొదలు నాలుగు అడుగులు ఆపుకోమని రాయి. తలుపు గానీ, పీట గానీ, ఏదో ఒకటి అయితది. మీ ఊళ్లె ఉన్న వడ్లాయనకు నాలుగు రోజుల పని దొరుకుతది’’ అన్నాడు.

మూడో పీట సంగతి చెప్పలేదు కదూ! సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు చూశాను. అరుగు మీద ముసలమ్మ, ఎదురుగా ముని మనుమరాలు. పీట పగలలేదు, వంకర పోలేదు. ఖాళీ గుంటను బొటనవేలితో తుడిచి, పక్క గుంటలోని గింజలు ఒక్క ఊపులో ఎత్తి ఒళ్లో వేసుకుంది అవ్వ. కర్ర బాగా ఆరిందా అని అడిగితే నా వైపు చూడనైనా చూడలేదు. ‘‘ఆగు కొడకా, నా వంతు అయిపోనియ్యి’’ అన్నది.